పిస్తోలు లైసెన్సుకి ఏడుగురు శత్రువులు

ఒకప్పుడు జగ్గయ్యపేటలో నాకు ఏడుగురు శత్రువులుండేవాళ్ళు. గొప్పకి చెప్పుకోవడం కాదు, పోలీసు వాళ్ళ కాగితాల్లో వరస నంబర్లతో సహా ఉన్న సంగతి. పోయిన నెల నా పిస్తోలు స్టేషన్లో అప్పగించేద్దామని లైసెన్సు పుస్తకం కోసం బీరువా వెతుకుతుంటే ఆ కాగితానికి నేను నా చేత్తో రాసుకున్న నకలు దొరికింది. నాకు అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. కాఫీ గ్లాసు పట్టుకుంటేనే చెయ్యి వణుకుతోంది, ఇంకా పిస్తోలెందుకని నేనే అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు. కాగితం మడతల దగ్గర చిరిగింది, నీలం సిరా వెలిసిపోయింది. నేల మీద చతికిలబడి చదివాను. ఆరో నంబరు దాకా నవ్వుతూనే ఉన్నాను. ఏడో నంబరు దగ్గర, ఇన్నేళ్ళయినా, నవ్వు ఆగిపోయింది.

అప్పుడు నేను నందిగామలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఇల్లు పేటలో. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, పిల్లల చేత చేతులు పైకీ కిందకీ ఊపించి, సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేదాన్ని. బెజవాడలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో రైఫిలు పట్టుకున్నాను, అది వదల్లేదు. ఉద్యోగమొచ్చాక ఆదివారాలు బెజవాడలో ఒక క్లబ్బుకి వెళ్ళి పిస్తోలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. అది గురి పోటీల పిస్తోలు. అది పుట్టిందే దూరంగా కట్టిన అట్ట మీద నల్లచుక్కకి బెజ్జం పెట్టడానికి. ఈ మాట మా వీధిలో ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అందరూ శ్రద్ధగా విని, "అయితే ఎవర్ని కాలుస్తావమ్మా?" అని అడిగేవాళ్ళు.

క్లబ్బుకి ఉన్నది ఒక్కటే పిస్తోలు, మేం పదకొండుమందిమి. ఆదివారమంతా ఎండలో కూర్చుంటే ఒక్కొక్కరికి పది గుళ్ళు వచ్చేవి. వారానికి పది గుళ్ళతో రాష్ట్ర పోటీలకి వెళ్ళడమంటే, ఏటి ఒడ్డున నిలబడి ఈత నేర్చుకోవడమే. ఆ క్లబ్బులో ఒక ఇంజనీరు గారికి మాత్రం సొంత పిస్తోలుండేది. ఆయనకి ఉత్తరాదికి బదిలీ అయింది, జూన్ నెలలో వెళ్ళిపోవాలి. వెళ్ళేలోపు నేను లైసెన్సు తెచ్చుకుంటే పిస్తోలు నా పేరు మీదకి మారుస్తానన్నాడు. లేదంటే మద్రాసులో తుపాకుల షాపు వాడికి ఇచ్చేస్తానన్నాడు. నేను ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాను. ఆ పిస్తోలు నాకెంత కావాలో ఇప్పుడు చెప్పడం కష్టం. ఆ వయసులో మిగతా ఆడపిల్లలు దేని గురించి కలలు కనేవాళ్ళో తెలీదు గానీ, నేను మాత్రం ఆ వాల్‌నట్ చెక్క పిడి గురించి కనేదాన్ని.

ఇంట్లో నా సాధన బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో. పొద్దున్నే పెరటి వరండాలో నిలబడి, ఆ ఇత్తడి పెట్టెని కుడిచేత్తో ముందుకి చాచి పట్టుకుని, చెయ్యి కదలకుండా వంద అంకెలు నిలపాలి. అంకెలు లెక్కపెట్టే పని నాయనమ్మది. ఆమెకి అరవై దాటాక అంకెలు రావు, అందుకని అరవై అయ్యాక మళ్ళీ నలభై నుంచి మొదలెట్టేది. నా చెయ్యి అంత బాగా నిలబడిందంటే సగం పుణ్యం ఆమె లెక్కలదే. అమ్మ వంటింట్లోంచి, "ఎటూ పట్టుకున్నావుగా, రెండు బొగ్గులేసి మీ నాన్న చొక్కా లాగరాదూ?" అనేది. మిరపకోతల కాలం. మా ఇల్లంతా మిరపకాయ ఘాటు. మేం దానికి అలవాటుపడి మామూలుగా మాట్లాడుకుంటూ ఉంటే, వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. నాన్న పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పంచలో గోనెపట్టా మీద కూర్చుని, ఒక కుప్ప మిరపకాయలు ముందేసుకుని తొడిమలు తీసేవాడు. కూలీలుండేవాళ్ళు, ఆయన తియ్యాల్సిన పని లేదు. కానీ చేతిలో పనిలేకుండా కూర్చుంటే ఎవరైనా మాట్లాడిస్తారని ఆయన భయం.

మా ఇంట్లో లైసెన్సుల మీద అధికారం బాబాయిది. నాన్నకి తమ్ముడు. పొలంలో అడవిపందుల మీదకని చెప్పి ఆయన ఒక ఒంటి గొట్టం తుపాకీ సంపాదించాడు. దాంతో ఒక్క పందినీ కొట్టలేదు గానీ, దాన్ని సంపాదించిన కథ మాత్రం పెళ్ళిళ్ళలో చెప్పేవాడు. ఆ కథ సారాంశం ఒకటే: పందులు చాలవు, శత్రువులుండాలి. మొదటిసారి దరఖాస్తులో పందులు మాత్రమే రాస్తే తిప్పి పంపారట. రెండోసారి గట్టు తగాదాలో ఉన్న ఇద్దరి పేర్లు చూపిస్తే మూడు నెలల్లో వచ్చేసిందట.

"నాది ఆటలకి బాబాయ్. ఆటలకి శత్రువులెందుకు?" అన్నాను.

"పిచ్చిదానా, ఎంక్వయిరీకి హెడ్డు గారు వస్తాడు. 'ఈ పిల్లకి శత్రువులున్నారా' అని వీధిలో అడుగుతాడు. లేరని చెప్పారనుకో, 'శత్రువుల్లేని మనిషికి ఆయుధమెందుకు' అని కొట్టేస్తాడు. నువ్వు స్కూలుకి పో. ఇదంతా నేను చూసుకుంటా."

ఆయన చూసుకున్నాడు. హెడ్ కానిస్టేబులు వచ్చే రెండ్రోజుల ముందు నుంచి వీధంతా తిరిగి, పిల్లకి శత్రువులు కావాలి, సాయం చెయ్యండి అని అడిగాడు. మా వీధి వాళ్ళు అడిగితే కాదనే రకం కాదు. పెళ్ళికి బల్లలు కావాలంటే బల్లలు, చావుకి మంచాలు కావాలంటే మంచాలు ఇచ్చినట్టే శత్రువుల్నీ ఇచ్చారు. మొదటి పేరు, నలుగురికీ ఆదర్శంగా ఉండాలని, బాబాయి తనదే రాయించుకున్నాడు. ఆస్తి పంపకాల్లో నా మీద పగబట్టాడట. ఎదురింటి కిరాణా షావుకారు, చూరునీళ్ళు తన గోడ మీద పడుతున్నాయి కాబట్టి ఈ ఇంట్లో అందరికీ తను బద్ధశత్రువునని చెప్పాడు. పాలు పోసే ఆమె, నీళ్ళ పాలన్నందుకు నన్ను క్షమించలేదంది. టైలరు, జాకెట్టు బిగువైందని నేను నలుగురిలో పరువు తీశానన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు, పదో తరగతిలో నేను ఎదురు సమాధానం చెప్పిన సంగతి ఇంకా మర్చిపోలేదన్నాడు. నందిగామ బస్సు కండక్టరు, మా వీధి అల్లుడే, రోజూ చిల్లర దగ్గర గొడవని చెప్పాడు. అది మాత్రం నిజమే.

హెడ్డు గారు సౌమ్యుడు. మిరపకాయ ఘాటుకి తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ, ఒక్కో పేరూ రాసుకున్నాడట. ఆరుగురయ్యాక ఇక లేద్దామని, మర్యాదకి, అరుగు మీద వక్క దంచుకుంటున్న నాయనమ్మని కూడా అడిగాడట, "ఏం మామ్మగారూ, మీ మనవరాలికి ఇంకెవరన్నా శత్రువులున్నారా?" అని. నేను అప్పుడు నందిగామలో పిల్లలకి కబడ్డీ ఆడిస్తున్నాను. నాయనమ్మ ఏం చెప్పిందో నాకు తెలీదు, ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి బాబాయి మాత్రం పంచలో అటూ ఇటూ తిరుగుతూ, "ఇంటి గుట్టు లంకకి చేటు అని ఊరికే అన్నారా," అని గొణుక్కుంటున్నాడు. నేను పట్టించుకోలేదు. ఆయన ఎప్పుడూ ఏదో ఒక సామెత గొణుగుతూనే ఉంటాడు.

మే నెల మొదట్లో నందిగామ సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు కబురుపెట్టాడు. వెళ్ళాను. మంచి మనిషే, కూర్చోమన్నాడు. నా కాగితాల కట్ట విప్పి, నా వైపు కాసేపు చూశాడు.

"అమ్మా, ప్రాణభయం ఉందని అడిగినవాళ్ళకి ఈ లిస్టు బంగారం. మీరడిగింది ఆటలకి. ఆటలకి అడిగిన టీచరమ్మకి ఏడుగురు శత్రువులుంటే, రేపు ఎవణ్ణో ఒకణ్ణి కాల్చరని నేనెట్టా రాయను? ఇది ఇట్టాగే బందరు పంపితే కలెక్టరాఫీసులో అక్కడితో సరి. మీ మొహం చూస్తే అట్టాంటి మనిషిలా లేరని ఆపా."

"వాళ్ళు శత్రువులు కాదండీ. సాయానికి చెప్పారు," అన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు ఆ లిస్టు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చివరికి, "పదేళ్ళ సర్వీసులో ఇది వినలేదు," అన్నాడు. వచ్చే సోమవారం ఏడుగురూ వచ్చి, ఈమెతో మాకేం పగల్లేవు అని సంతకాలు పెడితే మళ్ళీ రిపోర్టు రాయిస్తానన్నాడు. పేర్లు రాసుకెళ్ళమని కాగితం నా ముందుకి తోశాడు. పెన్ను తీసి వరసగా రాసుకోవడం మొదలుపెట్టాను. బాబాయి, షావుకారు, పాలామె. ఆరోది కండక్టరు. ఏడోది రాయడం మొదలెట్టాక గానీ ఏం రాస్తున్నానో బుర్రకెక్కలేదు. "7. దరఖాస్తుదారు తండ్రి. కారణము: కాలేజీ కాలములో ఢిల్లీ క్యాంపునకు ఎంపికైనట్లు వచ్చిన లెటరును సదరు దరఖాస్తుదారుకు తెలియనీయక దాచినారు. తెలిపినవారు: నాయనమ్మ."

అది పూర్తిగా రాసుకున్నాను. సదరు కూడా వదల్లేదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపుకి మా కాలేజీ నుంచి ఒకమ్మాయిని పంపాలి. రైఫిల్లో నాదే మొదటి స్థానం. తప్పకుండా వస్తుందన్న ధీమాతో, బెజవాడలో, ఆ ఉక్కలో, ఒక స్వెటరు కూడా కొనుక్కున్నాను. దసరా సెలవులకి ఇంటికి వచ్చి వెళ్ళేసరికి నోటీసు బోర్డు మీద వేరే అమ్మాయి పేరుంది. నేను రెండోదాన్నయి ఉంటానులే అనుకున్నాను. ఇంటికొచ్చి రెండ్రోజులు ఏడ్చి, మూడో రోజు తిరిగి వెళ్ళి ఆ అమ్మాయికి నా స్వెటరిచ్చాను, అక్కడ చలట, వేసుకో అని. ఆరేళ్ళ నుంచీ నేను రెండోదాన్ననే అనుకుంటున్నాను. పిస్తోలు పట్టుకున్న ప్రతి ఆదివారం, మొదటిదాన్ని కావాలని పట్టుకున్నదే. తండ్రి సమ్మతి కావాలని అడుగుతూ ఆ లెటరు మా ఇంటికి వచ్చిందనీ, జవాబు వెళ్ళకపోబట్టే వేరే అమ్మాయి పేరు పడిందనీ నాకు ఒక పోలీసు కాగితం చెప్పింది.

ఇంటికెళ్ళి ముందు నాయనమ్మని అడిగాను. ఆమె దంచడం ఆపలేదు. "మీ నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలా. ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నా. కానీ గవర్నమెంటోడు గుమ్మంలోకొచ్చి అడిగితే అబద్ధం ఎట్టా చెప్తానే? పాపం కాదూ?" అంది. పంచలోకి వెళ్ళాను. నాన్న తొడిమలు తీస్తున్నాడు.

"లెటరు వచ్చిందా నాన్నా?"

"వచ్చింది."

"దాచావా?"

"దాచా," అన్నాడు. ఇంకో మిరపకాయ అందుకుని, "అన్నం తిన్నావా?" అన్నాడు.

తినలేదు. ఆ రోజే కాదు, ఆయనున్న గదిలో కూర్చుని అయిదు రోజులు తినలేదు. ఒళ్ళు మండిపోయింది. తిడితే తిట్టించుకుంటాడు, అరిస్తే వింటాడు, ఏమీ అనడు, అదే నా కోపం. అమ్మ ఇద్దరి మధ్యా తిరిగి మాటలు చేరేసేది. చెప్పడానికి మాటలు కూడా పెద్దగా లేవు, "మజ్జిగ కావాలేమో అడుగు," "అక్కర్లేదని చెప్పు," అంతే. మిగతా ఆరుగురు శత్రువులు మాత్రం నందిగామ ప్రయాణానికి తిరనాళ్ళకి వెళుతున్నంత సంబరంగా తయారయ్యారు. ఏడో మనిషిని రమ్మని అడగమని బాబాయి నన్నే పురమాయించాడు. నేను అడగనన్నాను. లైసెన్సు పోతే పోయిందన్నాను. అన్నాను గానీ, ఆ రాత్రి ఇంజనీరు గారి చెక్క పిడే కళ్ళముందు.

సోమవారం పొద్దున బస్టాండుకి వెళ్ళేసరికి నాన్న అక్కడున్నాడు. అందరికీ వెనగ్గా, ఉతికిన చొక్కా వేసుకుని. ఎవరూ పిలవలేదు. బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని నందిగామ దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

సర్కిలాఫీసులో మొదటి ఆరు సంతకాలూ గబగబా అయిపోయాయి. కండక్టరు ముందు పెట్టాడు, ఎందుకంటే బయట బస్సు నిండా జనం ఆయన కోసం ఎండలో ఆగి ఉన్నారు. షావుకారు పెన్ను పట్టుకుని, "ఈ సంతకంతో నా చూరునీళ్ళ సంగతి కొట్టుకుపోదు కదండీ?" అని అడిగి, కొట్టుకుపోదని చెప్పించుకుని మరీ పెట్టాడు. లెక్కల మాస్టారు నా దరఖాస్తులో ఒక కూడిక తప్పుంటే దిద్దాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు గారు తలెత్తి, "ఏడో నంబరు?" అన్నాడు.

"నేనేనండి," అన్నాడు నాన్న.

"లెటరు దాచారా?"

"దాచానండి."

"ఎందుకు?"

నాన్న అంత పొడుగ్గా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. "ఢిల్లీ అంటే భయమేసిందండి. నేను బెజవాడ దాటి ఎరగను. వెళ్ళొద్దని చెప్పొచ్చు. చెప్తే అది వెళ్తానని అడుగుద్ది. అది అడిగితే నేను కాదనలేనండి. అందుకని అడిగే వీలు లేకుండా చేశా. తప్పే. పిల్ల ఏడుస్తుంటే చూశా కూడా."

ఇన్‌స్పెక్టరు గారు కాగితం జరిపి, "సరేనండి. ఇప్పుడేం శత్రుత్వం లేదని రాసి సంతకం పెట్టండి," అన్నాడు.

"నా వైపు నుంచి ఎప్పుడూ లేదండి. అది రాస్తా. దాని వైపు నుంచి ఉందో లేదో నేనెట్టా రాస్తా? దాన్నే అడగండి."

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగాడు. "ఏమ్మా? మీ నాన్నగారు మీకు శత్రువా?"

ఇస్త్రీ పెట్టెని వంద దాకా నిలిపిన చేత్తో ఆ రోజు కుర్చీ అంచు పట్టుకున్నాను. నా లోపల అవును అనే ఉంది. ఆరేళ్ళు రెండోదాన్ని చేసినవాడు శత్రువు కాకపోతే ఏమవుతాడు? కానీ జూన్ నెల ముంచుకొస్తోంది, ఇన్‌స్పెక్టరు గారి పెన్ను కాగితం మీదుంది.

"కాదండీ," అన్నాను. ఆయన రాసుకున్నాడు. నేను కింద సంతకం పెట్టాను, నా పక్కన నాన్న పెట్టాడు.

బందరు నుంచి లైసెన్సు వచ్చింది. ఇంజనీరు గారు రైలెక్కడానికి మూడు రోజుల ముందు పిస్తోలు నా పేరు మీదకి మారింది. చాలా ఏళ్ళు కాల్చాను. రాష్ట్ర పోటీల్లో ఒకసారి మూడోస్థానం వచ్చింది, దానికి మించి రాలేదు. పిస్తోలు వచ్చిన ఏడాది దసరాకి నాయనమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, గొట్టంలో ఒక పువ్వు కూడా దోపింది. ఆ పువ్వు తీయడానికి నాకు పూటంతా పట్టింది. ఇప్పుడు బెజవాడలో నేను అప్పుడప్పుడూ వెళ్ళే చోట పదేళ్ళ పిల్లలు ఏసీ గదిలో ఎయిర్ పిస్తోళ్ళు పట్టుకుంటున్నారు. తండ్రులు బయట కార్లలో నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చుంటారు, పోటీలకి ఢిల్లీ ఏం ఖర్మ, విమానాలెక్కించి తీసుకెళతారు. దరఖాస్తు ఫోన్లోనే పెట్టేస్తారట. వీధిలో విచారిస్తే పక్కింటి వాళ్ళకి వాళ్ళ పేరు కూడా తెలీదు, ఇక శత్రువులని ఎవరు చెప్తారు. ఆ పిల్లల్ని చూస్తే నాకు అసూయే, దాచుకోవడం దేనికి. పిస్తోళ్ళని చూసి కాదు, ఆ నీళ్ళ సీసాలని చూసి.

ఆ సోమవారం సంతకాలయ్యాక మిగతావాళ్ళు తర్వాతి బస్సులో పేటకి తిరిగి వెళ్ళిపోయారు. నేను స్కూల్లో ఒక సంతకం చేసి రావాల్సి ఉండి ఆగాను. తిరిగి బస్టాండుకి వచ్చేసరికి నాన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రెండు సోడాలు చెప్పాడు. ఇద్దరం తాగాం. అయిదు రోజుల తర్వాత మా మధ్య అమ్మ లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

"అక్కడ కాదన్నావే, అది పిస్తోలు కోసమే అన్నావు కదా?" అన్నాడు, సోడా సీసాలో గోళీ వంక చూస్తూ.

"అవును నాన్నా."

"ఊఁ. నిజంగా అనాలనిపించిన రోజు చెప్పు. తొందరేం లేదు."

బస్సొచ్చింది, ఎక్కాం. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగేళ్ళ తర్వాత, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పంచలో ఆయన ఎదురుగా గోనెపట్టా మీద కూర్చుని చెప్పాను, "నాన్నా, ఆ రోజు నందిగామలో అన్నానే, ఇప్పుడు నిజంగానే అంటున్నా," అని. ఆయన చేతిలో ఉన్న మిరపకాయకి తొడిమ తీసి పక్కన పెట్టాడు. తలెత్తలేదు.

"ఇంత తొందరగానా?" అన్నాడు.